నీళ్ళు ఎక్కడికి పోతాయో చూసే పని

వాడిన నీళ్ళను ఎక్కడికి పంపాలో స్థలం చూసి చెప్పడం నా ఉద్యోగం. బడులు కడతారు, హాస్టళ్ళు కడతారు, ఆసుపత్రులు కడతారు. స్నానాల నీళ్ళు, వంటింటి నీళ్ళు, మరుగుదొడ్ల నీళ్ళు అన్నీ ఒక చోటికి చేరాలి. అక్కడ కొంత శుభ్రపడి నేలలోకో మొక్కలకో పోవాలి. ఆ చోటు ఏదో తేల్చేవాళ్ళలో నేనొకదాన్ని. నరసరావుపేటలో కాపురం ఉండి, గురజాల మీదుగా మాచర్ల దాకా తిరిగాను. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం ఉద్యోగమని అడిగితే "నీళ్ళ డిపార్టుమెంటు" అని ఊరుకునేదాన్ని. మొత్తం చెబితే పక్కన భోంచేసేవాళ్ళకు ఇబ్బంది.

పోయినేడు రిటైరయ్యాను. ఈ మధ్య కొత్తగా ఈ పనిలో చేరిన ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ ఇంజనీరింగ్ చదివారు. "మేడం, సైటుకు వెళ్ళగానే ముందు ఏం చూడాలి?" అని అడిగారు. కాఫీ ఇచ్చి ఏవో నాలుగు మాటలు చెప్పి పంపాను. వాళ్ళు మెట్లు దిగి వెళ్ళాక, అసలు చెప్పాల్సింది చెప్పలేదనిపించింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

చదువు సంగతి

నేను ఇంజనీరును కాను. ఇంటర్ అయ్యాక నాన్న పోతే, ఆయన పనిచేసిన ఆఫీసులోనే నాకు ఉద్యోగం ఇచ్చారు. మొదట్లో శాంపిల్ సీసాలు కడగడం, వాటికి చీటీలు అంటించడం నా పని. సీసాల్లో మట్టి ఉండేది, నీళ్ళుండేవి. వాటిమీద రాసే మాటలకు అర్థం తెలిసేది కాదు. అడిగితే "నీకెందుకమ్మా" అనేవాళ్ళు. కోపంగా కాదు, తీరిక లేక.

మా పేట గ్రంథాలయం ఆఫీసుకు దగ్గరే. మధ్యాహ్నం డబ్బా తొందరగా తినేసి అక్కడికి పోయేదాన్ని. వ్యవసాయ డిప్లమో పిల్లల కోసం రాసిన నేలల పుస్తకం ఒకటి ఉండేది, అట్ట ఊడిపోయి, మొదటి పేజీలు లేకుండా. తెలుగులో ఉంది కాబట్టి బతికిపోయాను. తర్వాత భూగర్భ జలాల మీద ఒక ఇంగ్లీషు పుస్తకం పట్టుకున్నాను. పక్కన నిఘంటువు పెట్టుకుని, రోజుకు ఒక పేజీ. ఆ పుస్తకం పూర్తికావడానికి రెండు వేసవులు పట్టింది. లైబ్రేరియన్ గారు నా టికెట్ మీద మళ్ళీ మళ్ళీ అదే పుస్తకం రాస్తూ "ఇంకెవరూ అడగటం లేదులే, నీ దగ్గరే ఉంచుకో" అనేవారు. ఆ నోటు పుస్తకాలు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. చీరల కంటే పై అరలో ఉన్నాయి.

ఇదంతా గొప్పకు చెప్పడం కాదు అని రాద్దామనుకున్నాను. కానీ గొప్పే. చదివింది నేలమీద కనబడినప్పుడు వచ్చే సంతోషం ఇంకెందులోనూ నాకు రాలేదు. అయితే నా పెద్ద తప్పు కూడా ఈ చదువు అంతా అయ్యాకే జరిగింది.

మే నెలలో తవ్విన గుంట

రెంటచింతలకూ గురజాలకూ మధ్య ఒక ఊళ్ళో ఆడపిల్లల హాస్టలు కట్టారు. ఊరి పేరు రాయను. రెండు వందల మంది పిల్లలు, ఆరో తరగతి నుంచి పది దాకా. భవనం అయిపోయింది, సెప్టిక్ ట్యాంకు అయిపోయింది. ట్యాంకులోంచి బయటికి వచ్చే నీళ్ళు నేలలో ఇంకడానికి చోటు చూడాలి. హాస్టలు వెనక ఎకరం నల్లరేగడి ఖాళీగా ఉంది. పరీక్ష చేసి రమ్మని మా పై అధికారి, డి.ఇ. రాఘవయ్య గారు నన్ను పంపారు.

పరీక్ష చాలా మామూలుది. అడుగు వెడల్పున గుంట తవ్వాలి. నీళ్ళు పోసి, ఒక రోజంతా ఆ గుంటను నీళ్ళతో నిండుగా ఉంచి నేలను నానబెట్టాలి. మర్నాడు మళ్ళీ కొలతగా నీళ్ళు పోసి, అరగంటలో ఎన్ని అంగుళాలు దిగాయో స్కేలుతో చూడాలి. అంతే.

నేను వెళ్ళింది మే నెలలో. రెంటచింతల వైపు మే నెల ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. పొద్దున తొమ్మిదికే స్కేలు చేతికి కాలింది. నేల పగిలి, నెర్రెల్లో అరచెయ్యి పడుతోంది. ఊళ్ళోకి రెండు రోజులకొకసారి ట్యాంకరు వస్తోంది. నేను గుంట పక్కన నిలబడేసరికి ఆడవాళ్ళు ట్యాంకరు దగ్గర బిందెలు పెట్టుకుని వరసలో ఉన్నారు. అదే ట్యాంకరులోంచి నాలుగు బిందెలు తెచ్చి గుంటలో పోయించాను. పది నిమిషాల్లో చుక్క లేదు. చుట్టూ చేరినవాళ్ళు సంబరపడ్డారు.

"మా నేల చానా తాగుద్దమ్మా," అన్నాడు సర్పంచి. "చూశావుగా, ఇట్టా పోస్తే అట్టా మింగింది."

ఒక రోజంతా నానబెట్టాలంటే ఇంకా ముప్ఫై, నలభై బిందెలు కావాలి. వరసలో ఒకావిడ నా వైపే చూస్తోంది. "ఏందమ్మా, తాగే నీళ్ళు తెచ్చి మట్టిపాలు చేస్తన్నావు?" అంది. నాకు మొహం చెల్లలేదు. ఇంకొక రెండు బిందెలు పోసి, అవి ఇంకిన సమయం రాసుకుని, "అనుకూలం" అని కాగితం నింపాను. రాఘవయ్య గారు స్థలానికి రాలేదు. నా మీద నమ్మకంతో సంతకం పెట్టారు.

ఆ గుంటలో నీళ్ళు నేలలోకి ఇంకలేదు. నెర్రెల్లోంచి కిందికి జారాయి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, నెర్రెలు మూసుకుంటాయి, ఆ తర్వాత గోకినా ఒక చుక్క దిగదు. ఇది ఆ అట్టలేని పుస్తకంలో మూడో అధ్యాయంలోనే ఉంది. నేను నోటు పుస్తకంలో ఎర్ర సిరాతో గీత కూడా గీసుకున్నాను. తెలియక చేసిన తప్పు కాదు. మొహమాటానికి చేసిన తప్పు.

ఆగస్టు

వానలు పడ్డాయి. ఆగస్టు రెండో వారానికి హాస్టలు వెనక ఎకరమంతా మురుగు నిలిచింది. స్నానాల గదుల్లోకి నీళ్ళు వెనక్కి తన్నుకొచ్చాయి. పిల్లలు ఇటుకల మీద కాళ్ళేసి నడుస్తున్నారు. పదకొండు మందికి జ్వరాలు.

వార్డెన్ మేరీ రత్నం గారు నన్ను గేటు దగ్గరే ఆపింది. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. మాట కూడా అంతే.

"మీరేనా అనుకూలం అని రాసింది?"

"నేనేనండి."

"చెప్పులు తీసి లోపలికి రండి. చెప్పులతో నడవలేరు."

నడిచాను. ఆవిడ ఒక్కొక్క గదీ చూపించింది. తిట్టలేదు. చివర్లో ఒక మాట చెప్పింది. దసరా సెలవుల్లోపు ఇది బాగుపడకపోతే హాస్టలు మూసేసి పిల్లల్ని ఇళ్ళకు పంపమని పైనుంచి ఆర్డరు వచ్చిందట. "దసరాకి ఇంటికి పంపి, ఇక రావొద్దని చెప్తే ఏమైద్దో తెలుసా మీకు? అప్పుడే పత్తి తీతలు మొదలవుతాయి. సగం మంది చేలోనే ఉండిపోతారు. వచ్చే ఏడు పిలిస్తే, పెళ్ళయింది మేడం అంటారు."

అప్పటిదాకా నాకిది ఒక గుంట తప్పు. అక్కడినుంచి వచ్చేటప్పుడు బస్సులో వేరేగా కనిపించింది.

ఆఫీసులో సంజాయిషీ రాయాల్సి వచ్చింది. రాఘవయ్య గారు మంచివారు, కొంచెం భయస్తులు. వర్షం అసాధారణంగా పడిందని రాసేద్దామన్నారు. నేను రాసింది ఇది: "నేలను నానబెట్టకుండా పరీక్ష చేశాను. తప్పు నాది."

ఆయన కాగితం చదివి కళ్ళజోడు తీశారు. "ఇట్టా రాస్తే ఉద్యోగం పోద్ది రమణమ్మా."

"వర్షం మీద రాస్తే మళ్ళీ ఆ చేలోనే ఇంకో గుంట తవ్వమంటారండి."

ఉద్యోగం పోలేదు. ఒక ఇంక్రిమెంటు ఆగింది. ఆ కాగితాన్ని మార్చకుండా పైకి పంపినందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవం. కొత్తగా చేరినవాళ్ళకు ఒక మాట. మీ అధికారి ధైర్యస్తుడా కాదా అని తూచకండి. మీరు నిజం రాస్తే దాన్ని చింపకుండా పంపేవాడైతే చాలు, ఆయన దగ్గర పనిచేయొచ్చు.

సర్పంచి చూపించిన చోటు

ఊరి బయట పాత నాపరాయి క్వారీ గుంత ఒకటుంది. రాయి తీసి వదిలేశారు. మూడు తాటిచెట్ల లోతు. సర్పంచి అక్కడికి మమ్మల్ని తీసుకుపోయాడు. మంచి మనిషే. ఊరికి హాస్టలు తెప్పించింది ఆయనే, పోగొట్టుకోవడం ఆయనకూ ఇష్టం లేదు.

"తవ్వే పని కూడా లేదు. పైపు వేసి ఇందులో వదిలేయండి. ఎంత వాన పడినా నెలలో ఎండిపోద్ది ఈ గుంత. రాయి తాగేస్తది."

రాఘవయ్య గారి మొహం వెలిగింది. కానీ నాపరాయి అంటే సున్నపురాయే, అది నీళ్ళు తాగదు. దాని పొరల మధ్య సందులుంటాయి. వాటిల్లోంచి నీళ్ళు కాలవలో పోయినట్టు పోతాయి, వడకట్టడమనేది ఉండదు. మట్టి అయితే మురుగును పట్టి ఉంచుతుంది, శుభ్రం చేస్తుంది. రాతి సందు ఏదీ ఆపదు. ఇవతల పోసింది అవతల ఎక్కడో తేలుతుంది. ఎక్కడ తేలుతుందన్నదే ప్రశ్న.

ఇదే చెప్పాను. సర్పంచి నవ్వాడు. "మే నెలలో చేను మంచిదన్నావు. ఇప్పుడు గుంత చెడ్డదంటున్నావు. నీ మాట ఎట్టా నమ్మాలమ్మా?"

ఆయన అన్నది నిజం.

రాఘవయ్య గారు నన్ను పక్కకు పిలిచారు. "చేను వద్దు, గుంత వద్దు. మరి ఎక్కడ పెడదాం, ఆకాశంలోనా?"

గుంతకు అరకిలోమీటరు పల్లంలో ఒక కాలనీ ఉంది. నలభై ఇళ్ళు, ఒకటే బోరు. నేను అక్కడికి నడిచాను. బోరు దగ్గర కోటమ్మ అనే పెద్దావిడ బిందె తోముతోంది. పక్కన కూర్చుని, ఈ నీళ్ళు ఎప్పుడైనా మారతాయా అని అడిగాను.

"మారకేం. పై గుంత నిండిన మూడోనాడు తెల్లంగా వస్తయ్. సుద్ద కలిపినట్టుంటయ్. రెండ్రోజులు బట్టలో పోసి తాగుతాం."

"ఎప్పటినుంచి?"

"బోరు ఏసిన కాడినుంచి."

"మరి ఎవరికీ చెప్పలేదా అవ్వా?"

"అడిగినోళ్ళెవరు? మీ ఆఫీసోళ్ళు వచ్చి పంపు చూస్తారు, మీటరు చూస్తారు. మా మొహం ఎవడు చూశాడు?" బిందె బోర్లించి, "నువ్వేంది, ఇంత ఎండలో కూర్చున్నావు, పెళ్ళిసంబంధం మాట్లాడేదానిలా," అంది.

పుస్తకంలో చదివింది సగం. మిగతా సగం ఆ బిందె పక్కన దొరికింది. స్థలం చూడటానికి వెళ్ళినప్పుడు ముందు ఏం చూడాలని అడిగిన అమ్మాయిలకు నా జవాబు ఇదే. ఆ నేలను కాదు, దానికి పల్లంలో నీళ్ళు మోసే ఆడవాళ్ళను ముందు చూడండి.

ఉప్పు

కోటమ్మ మాట కాగితం మీద నిలబడదు. మీటరు అంకె నిలబడుతుంది. ఆ రెండు వేసవుల పుస్తకంలో ఒక పద్ధతి ఉంది. నీళ్ళ దారి తెలుసుకోవాలంటే పై చోట ఏదైనా కలిపి, కింది చోట అది వస్తోందేమో చూడాలి. ఏం కలపాలి? మనుషులు తాగే నీళ్ళు కాబట్టి ఉప్పు.

కాలనీ వాళ్ళను కూర్చోబెట్టి చెప్పాను. వారం రోజులు తాగడానికి వేరే ట్యాంకరు ఏర్పాటు చేయించాను. ఉప్పు పోయకముందు మూడు రోజులు పొద్దున, సాయంత్రం బోరు నీళ్ళలో ఉప్పెంత ఉందో పుల్లలాంటి మీటరు ముంచి కొలిచి రాసుకున్నాను. ఈసారి ఎవరు ఏమన్నా ఒక్క మెట్టు కూడా వదలదల్చుకోలేదు. తర్వాత ట్యాంకరు నీళ్ళలో రాళ్ళుప్పు బస్తాలు కరిగించి గుంతలోకి వదిలాం.

ఊరంతా నవ్వింది. "గుంతకు ఊరగాయ పెడుతున్నారంట!" టీకొట్టు దగ్గర నన్ను చూసి ఒకడు "అమ్మా, కారం కూడా వెయ్యమంటావా, మా ఇంట్లో ఉంది" అన్నాడు.

మొదటి రోజు మీటరు కదల్లేదు. రెండో రోజు కదల్లేదు. మూడో రోజు సాయంత్రం కూడా అదే అంకె. దసరా సెలవులు పది రోజుల్లో ఉన్నాయి. నేను మళ్ళీ తప్పయితే, ఉన్న ఒక్క దారినీ పదిహేను రోజులు ఆపినదాన్ని నేనే అవుతాను. ఆ సాయంత్రం వార్డెన్ గారు ఫోన్ చేసి ఒక్క మాటే అడిగింది. "ఏమైనా తెలిసిందా?" లేదన్నాను. "సరే," అని పెట్టేసింది.

నాలుగో రోజు పొద్దున మీటరు అంకె ఎగిరింది. తుడిచి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే. సర్పంచికి కబురు పెట్టాను. ఆయన మీటరు తీసుకుని తన చేత్తో తనే కొలిచాడు. ఇంకొక గ్లాసు పట్టించి మళ్ళీ కొలిచాడు. కోటమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది.

"ఆ పుల్ల పెట్టేదేంది సర్పంచీ, నన్నడుగు. పొద్దున పప్పులో ఉప్పెయ్యడం మర్చిపోయినా. సరిపోయింది."

అది అతిశయోక్తి, నాలుకకు తెలిసేంత ఉప్పు లేదు అందులో. పైగా ఆ నీళ్ళతో వండొద్దని అందరికీ చెప్పి ఉన్నాను. కానీ సర్పంచి నవ్వలేదు. గ్లాసులో నీళ్ళు పారబోశాడు. "పిల్లల మురుగు వీళ్ళతో తాగించేవాణ్ణి," అన్నాడు. ఆ తర్వాత క్వారీ గుంత మాట ఎవరూ ఎత్తలేదు.

పైకి

చేను వద్దు, గుంత వద్దు. మిగిలింది పైకి కట్టడం. రాఘవయ్య గారు విసుగులో అన్న "ఆకాశంలోనా" మాటే దారి చూపించింది. నేలలోకి తవ్వకుండా, నేలమీద నడుమెత్తు నాపరాళ్ళ గోడ కట్టి, లోపల మందపు ప్లాస్టిక్ షీటు పరిచి, కంకర, ఇసుక పోసి, మెట్టతామర నాటాలి. ట్యాంకు నీళ్ళు చిన్న పంపుతో అందులోకి ఎక్కించాలి. వేళ్ళ మధ్యనుంచి నడిచి శుభ్రపడి బయటికి వచ్చే కొద్ది నీళ్ళు గోడ వెంట ఎత్తుకట్టల మీద కానుగ మొక్కలకు, అరటికి పోతాయి. ఇదేమీ నేను కనిపెట్టింది కాదు, గ్రంథాలయానికి వచ్చే పాత పత్రికల్లో చూసిందే. లోపాలున్నాయి. పంపును కనిపెట్టుకుని ఉండాలి, ఆకు కోయాలి. ఆ బాధ్యత తనదని మేరీ రత్నం గారు రాసిచ్చింది.

దానికి చోటు కావాలి. ఈసారి నేను వాన కోసం కాచుకున్నాను. ముసురు పట్టిన రోజు గొడుగు, చేతినిండా కర్ర మేకులు పట్టుకుని ఆవరణంతా తిరిగి, నీళ్ళు నిలిచినచోటల్లా ఒక మేకు పాతాను. రాఘవయ్య గారు కూడా వచ్చారు. ప్యాంటు మడిచి నాతోపాటు తిరిగారు. సాయంత్రానికి మేకు లేని చోటు ఒక్కటే మిగిలింది. పిల్లలు ఖోఖో ఆడే జాగా.

"అది తీసుకుంటారా?" అంది వార్డెన్.

"వేరే లేదండి."

ఆవిడ పిల్లల వైపు తిరిగి చెప్పింది. ఇద్దరు పిల్లలు వానలోనే వెళ్ళి ఖోఖో కర్రలు పీకి తెచ్చారు. అది చూడటమే నాకు కష్టమైంది.

దసరాకు పిల్లలు ఇళ్ళకు వెళ్ళారు, కానీ తిరిగి రావాల్సిన తేదీ చెప్పించుకుని వెళ్ళారు. పని మొదలైందని పైవాళ్ళు మూసే ఆర్డరు ఆపి, సెలవులు ఇంకొక వారం పొడిగించారు. రాళ్ళు సర్పంచి ఇప్పించాడు, ఆ సెలవుల్లోనే కట్టాం. తెరిచిన రోజు వార్డెన్ గేటు దగ్గర రిజిస్టరు పట్టుకుని నిలబడింది. ముగ్గురు రాలేదు. మర్నాడు ఆవిడ ఆటో ఎక్కి మూడు ఊళ్ళు తిరిగింది. పత్తి చేలోకి దిగి, సంచీ కట్టుకుని ఉన్న పిల్లను అట్లాగే తీసుకొచ్చిందని తర్వాత తెలిసింది. రెండు వందల మందీ వచ్చారు.

తర్వాత చాలా స్థలాలు చూశాను. దాచేపల్లి వైపు కొన్ని, మాచర్ల వైపు కొన్ని. కొన్ని బాగా కుదిరాయి, ఒకటి రెండు అంతంతమాత్రం. నానబెట్టకుండా మళ్ళీ ఎక్కడా కొలవలేదు. నీళ్ళు లేకపోతే వాన దాకా ఆగమన్నాను. ఆగమన్నందుకు మాటలు పడ్డాను. ఈ పనిలో మాటలు పడటం కూడా పనే.

అది కట్టిన మరుసటి ఆగస్టులోనే, నాలుగు రోజులు వానలు దంచికొట్టాక, ఎవరూ పిలవకుండానే ఆ ఊరికి బస్సెక్కాను. రాత్రి నిద్ర పట్టలేదు, అందుకు. గేటు దాటి నేరుగా వెనక్కి నడిచాను. మెట్టతామర నా భుజం ఎత్తు పెరిగి, ఎర్రగా పూసి ఉంది. గోడ పొడిగా ఉంది. వాసన లేదు. ముందటి ఏడు మురుగు నిలిచిన ఎకరంలో సగం జాగాకు కంకరమట్టి పోసి ఎత్తు చేశారు. అక్కడ నిలబడి, చెప్పు తీసి, పాదంతో నేలను నొక్కి చూశాను. వాన తడి తప్ప ఏమీ లేదు. ఇంకొకచోట నొక్కాను. అక్కడా అంతే. నాకు తెలియకుండా ఎంతసేపు అట్లా నిలబడ్డానో.

వెనకనుంచి విజిల్ వినిపించింది. తిరిగి చూస్తే పిల్లలు గౌన్లు బిగించుకుని, ఖోఖోకు ఒక జట్టు వరసగా కూర్చుని, ఇంకో జట్టు నిలబడి ఉన్నాయి, నా కోసమే ఆగి. ముందున్న పిల్లకు పదేళ్ళుంటాయి. నేనెవరో దానికి తెలియదు.

"మేడం," అంది విసుగ్గా, "కొంచెం జరుగుతారా? కోర్టు మధ్యలో ఉన్నారు."

జరిగాను.